గజ్జల్లో పొక్కులు మురికి వల్ల కాదు

గజ్జల్లో ఎర్రగా పొక్కులు లేచాయని ఆడపిల్ల చెబితే ఇంట్లో మొదట వినిపించేది "సరిగ్గా కడుక్కోవట్లేదా?" అన్న మాటే. ఆ మాట తప్పు. పైగా హాని చేస్తుంది. సిగ్గుపడ్డ పిల్ల ఘాటైన సబ్బు పట్టించి రుద్దుతుంది, మళ్ళీ బ్లేడు పెడుతుంది. పొక్కులు ఇంకా పెరుగుతాయి.

అక్కడి వెంట్రుకలు ముతకగా, వంకీలు తిరిగి ఉంటాయి. చర్మానికి ఆనించి గొరిగితే కొస సూదిలా తెగి, పెరుగుతూ వంగి పక్క చర్మంలోకే దిగుతుంది. చర్మాన్ని లాగిపట్టి గొరిగితే కొస లోపలికి జారిపోయి, బయటికి రాకముందే కుదురు గోడను పొడుస్తుంది. ఒంటికి అది గుచ్చుకున్న ముల్లే. అందుకే వాపు, మంట, దురద. చర్మం మీద ఉండే స్టాఫిలోకాకస్ క్రిములు బ్లేడు గాట్లలోంచి దిగితే చీము పడుతుంది. బిగుతు లెగ్గింగ్సు ఒరిపిడి, చెమట దాన్ని ముదరబెడతాయి.

వెంట్రుకలే మురికి అన్న నమ్మకానికి మన ఆస్పత్రులూ బలమిచ్చాయి. కాన్పుకు ముందు గొరగడం చాలాచోట్ల ఆనవాయితీ. మామూలు కాన్పుకు అలా గొరగొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో ఉంది. ఆపరేషన్‌కైనా బ్లేడు వాడొద్దని, తప్పనిసరైతే క్లిప్పర్‌తో కత్తిరించమని 2016లోనే చెప్పింది. ఆపరేషన్ బల్ల మీదే పనికిరాని బ్లేడు స్నానాల గదిలో శుభ్రతకు గుర్తెలా అయింది?

మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే దురద క్రీముల సంగతి మరీ ఘోరం. చాలావాటిలో క్లోబెటసాల్ లాంటి గట్టి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. గజ్జల చర్మం పలుచన, మందును ఎక్కువగా పీల్చుకుంటుంది. రెండు రోజులు హాయిగా ఉన్నా తర్వాత చర్మం ఇంకా పలచబడి చారలు పడతాయి. ఆ దురద తామర వల్లైతే అది రూపం మార్చుకుని పాకుతుంది.

చేయాల్సింది కొంచెమే. కొన్ని వారాలు బ్లేడు, వ్యాక్సింగ్ రెండూ మానాలి. గోరువెచ్చని తడిగుడ్డ కాసేపు అద్ది, వదులైన నూలు బట్టలు వేసుకోవాలి. గిల్లకూడదు. తర్వాత కూడా ట్రిమ్మరుతో పొట్టిగా కత్తిరిస్తే చాలు. గొరిగి తీరాలనుకుంటే స్నానం చేశాక, జెల్ రాసి, కొత్త బ్లేడుతో, వెంట్రుక వాలిన వైపే. అసలు తీయకపోయినా ఏ రోగమూ రాదు.

జ్వరం వచ్చినా, ఎరుపు పాకుతున్నా, నీటిబుగ్గలు మండుతున్నా డాక్టరు చూడాలి. గడ్డలు మళ్ళీ మళ్ళీ వస్తుంటే షుగరు పరీక్ష చేయించాలి. గజ్జల్లోనూ చంకల్లోనూ లేచి, చితికి, మచ్చలు కట్టే గడ్డలు హైడ్రాడెనైటిస్ కావచ్చు. అది అంటుకోదు, స్నానం తక్కువై వచ్చేదీ కాదు. "శుభ్రంగా ఉండు" అన్న సలహా వింటూనే దాంతో ఏళ్ళు గడిపేసే ఆడవాళ్ళున్నారు. చర్మవైద్యులు తొలిదశలోనే చూస్తే ఆ మచ్చల్లో చాలావరకు ఆపగలరు.