టైల్స్ వెనక మిగిలిపోయే పాత పైపు

గ్యాస్ బండ బయట యుటిలిటీలో, హాబ్ లోపల వంటగట్టు మీద ఉండే ఇళ్లలో గ్యాస్ రెండు రకాల దారుల్లో నడుస్తుంది. రెగ్యులేటర్ దగ్గర కొంత మేర రబ్బరు గొట్టం, అక్కడి నుంచి గోడ దాటి హాబ్ కిందికి రాగి పైపు. రబ్బరు గొట్టం కళ్ల ముందే ఉంటుంది కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు మారుస్తారు. గోడలోని పైపును మాత్రం ఇల్లు కట్టినప్పుడు పూడ్చిన మేస్త్రీ తర్వాత మరెవరూ చూసి ఉండరు. వంటిల్లు బాగుచేయించేటప్పుడు పాత టైల్స్ ఊడదీసి, కొత్తవి అతికించేలోపు గోడ బోడిగా ఉండే ఆ కొద్ది రోజులే దాన్ని చూడటానికి, మార్చడానికి వీలున్న సమయం. గ్రానైట్‌కూ చిమ్నీకీ లక్షలు పోసి, పైపు దగ్గరికొచ్చేసరికి ‘ఇన్నాళ్లూ బాగానే ఉందిగా’ అని వదిలేయడం చాలా పెద్ద తప్పు.

రాగికి తుప్పు పట్టదని ఒక ధీమా. ఇనుములా తుప్పు పట్టదన్న మాట నిజమే. కానీ రాగి మెత్తని లోహం. వంచిన చోట నొక్కుకుపోతుంది, నట్టు బిగించిన చోట ఏళ్లు గడిచేకొద్దీ వదులవుతుంది. అన్నిటికంటే పెద్ద గండం డ్రిల్లింగ్ మిషను. కప్‌బోర్డు బిగించే వడ్రంగికి గోడలో పైపు ఎటు వెళ్తుందో తెలియదు. ఒక్క స్క్రూ పైపును గీరితే చాలు. స్క్రూ అక్కడే ఉన్నంత కాలం లీకు బయటపడకపోవచ్చు, అది కాస్త కదిలాక మొదలవుతుంది. గోడలో లీకైన గ్యాస్ అక్కడే బయటికి రావాలని కూడా లేదు. గాడి వెంట, కరెంటు వైర్లు పోయే గొట్టాల వెంట పాకి, ఎక్కడో స్విచ్‌బోర్డు సందులోంచి వాసన వస్తుంది. ఇంట్లోవాళ్లు పొయ్యి దగ్గర వెతుకుతూ ఉంటారు.

అందుకే కొత్త పైపును మళ్లీ గోడలో పూడ్చకుండా, గోడ మీదుగా క్లాంపులతో తిప్పడమే మేలు. అందం కాస్త తగ్గుతుంది, అయినా ప్రతి జాయింటూ కంటికి ఆనుతుంది. గోడ దాటే చోట పైపు సిమెంటును తాకకుండా ఒక తొడుగు గొట్టంలోంచి పోవాలి. దాచక తప్పకపోతే గోడ లోపల జాయింటు లేకుండా ఒకే ముక్క వేయించి, పూడ్చకముందే కొలతలతో ఫోటో తీసి ఉంచుకోవాలి. రబ్బరు గొట్టాన్ని మాత్రం గోడ కన్నంలోంచి లాగకూడదు. దాని పొడవు మీటరున్నర దాటకూడదు, అయిదేళ్లకొకసారి మార్చాలి.

ఇది మామూలు నీళ్ల ప్లంబర్ చేసే పని కాదు. గ్యాస్ ఏజెన్సీకి చెప్పి, గ్యాస్ పని తెలిసిన మెకానిక్‌తోనే చేయించాలి. బండ తీసి బయట పెట్టి, కిటికీలు తెరిచి, పాత పైపులో మిగిలిన గ్యాస్ పోయాకే దాని మీద చెయ్యి వేయాలి. కొత్తది బిగించాక హాబ్‌నూ రెగ్యులేటర్‌నూ కలపకముందే పైపులో గాలి నింపి, ప్రెషర్ గేజ్ పెట్టి చూస్తారు. ముల్లు పెట్టిన చోటే నిలబడాలి. ఆ తర్వాత గ్యాస్ వదిలి ప్రతి జాయింటుకూ సబ్బు నురగ పూస్తే, లీకున్న చోట బుడగ లేస్తుంది. అగ్గిపుల్ల గీసి చూసే అలవాటు ఇప్పటికీ కొందరికి ఉంది. అది ప్రాణాలతో చెలగాటం.

మామూలు స్టవ్‌కు లేని చిక్కు ఒకటి హాబ్‌కు ఉంది. దాని పైపు గట్టు కింద మూసిన కప్‌బోర్డులో ఉంటుంది. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే పైకి పోదు, అడుగున పేరుకుంటుంది. కాబట్టి ఆ కప్‌బోర్డు తలుపుకు అడుగు భాగాన గాలి ఆడే కన్నాలు ఉండి తీరాలి. గ్యాస్ ఆపే వాల్వు డ్రాయర్ వెనక కాకుండా చెయ్యి చాచగానే అందాలి.

హైదరాబాద్, విజయవాడల్లో భాగ్యనగర్ గ్యాస్ వంటి కంపెనీల పైపు గ్యాస్ తీసుకున్న ఇళ్లలో మీటరునూ లైనునూ సొంతంగా కదపకూడదు, మార్పు కంపెనీ ద్వారానే జరగాలి. ఆ గ్యాస్ గాలి కంటే తేలిక, పైకి లేస్తుంది. కప్‌బోర్డుకు పైభాగాన కూడా కన్నాలు కావాలి. బండ గ్యాస్‌కు తయారైన హాబ్‌లో జెట్లు మార్చకుండా పైపు గ్యాస్ వాడకూడదు.

కొత్త వంటింట్లో గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు వేయకూడదు, వేసినవి ఆపకూడదు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, బయటికి వచ్చాక ఫోన్ చేయాలి. ఎల్పీజీ లీకుల అత్యవసర నంబరు 1906, అది రాత్రీ పగలూ పనిచేస్తుంది.