సూది గుచ్చేది ఇక్కడే కదా!

కువైట్‌కి ఇంటిపనికి పోవాలంటే ముందు ‘మెడికల్’ పాసవాలి. రక్తంలో హెచ్.ఐ.వి. కనపడితే ‘అన్‌ఫిట్’ అని కొట్టేస్తారు. నెల్లూరు తీరం పల్లెల్లో తిరిగేదాన్ని కనుక అడుగుతున్నాను: ఆ పరీక్ష ఎందుకో ఆమెకు ఎవరైనా చెప్పారా? నేను కలిసిన ఆడవాళ్ళు ఆ కబురు ఏజెంటు నోటనే విన్నారు. ఏజెంటుకి తెలిస్తే ఊరికి తెలిసినట్టే.

గల్ఫ్ చేరినా గండం తీరదు. అకామా కోసం మళ్ళీ రక్తం ఇవ్వాలి. హెచ్.ఐ.వి. తేలితే దేశం నుంచి పంపేస్తారు. యజమాని ఇంట్లో అత్యాచారం వల్లే సోకి ఉంటే? ఆ యజమానికి పరీక్ష ఉండదు. విమానం ఎక్కించేది ఆమెనే.

ప్రయాణికులకు పరీక్షలు పెడితే వ్యాప్తి ఆగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1987లోనే చెప్పింది. అదే ఏడాది తలుపులు మూసిన అమెరికా (ఎంత ఆలస్యమో చూడండి) 2010 జనవరిలో తెరిచింది. కువైట్ తెరవలేదు.

కువైట్ చట్టం మన చేతిలో లేదంటారు అధికారులు. సరే. కానీ ఆ ‘మెడికల్’ చేసేది చెన్నైలోనో హైదరాబాదులోనో కదా! ఇక్కడ 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టం ఉంది, 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. ఉద్యోగానికి ఈ పరీక్షను షరతు చేయడం వివక్ష అంటుంది. విషయం చెప్పి, ఒప్పుకోలు తీసుకోనిదే రక్తం తీయకూడదంటుంది. ఇంటిపనికి గల్ఫ్ పోయే స్త్రీకి 30 ఏళ్ళు నిండాలని షరతు పెట్టడం తెలిసిన ప్రభుత్వానికి, సొంత చట్టం గుర్తు రాదా?

ముందు ఒక్క పని చేయించండి. ఆ ఫలితం కాగితం ఏజెంటుకి కాదు, ఆమె చేతికే ఇవ్వాలి. ఏ.ఆర్.టి. కేంద్రానికి దారి కూడా అక్కడే చూపాలి.