రాత్రి డ్యూటీలో ఒక్కరే ఉంటే తప్పెవరిది?

విమాన ప్రమాదం జరగ్గానే టీవీల్లో మొదట వినిపించే మాట 'మానవ తప్పిదం'. ఆ మనిషి పక్కన ఉండాల్సిన రెండో మనిషి ఏమయ్యాడని అడిగేవాళ్లు తక్కువ.

2025 జనవరి 29 రాత్రి వాషింగ్టన్‌లో ప్రయాణికుల విమానం, సైనిక హెలికాప్టర్ ఢీకొని 67 మంది చనిపోయారు. అప్పుడు టవర్‌లో విమానాలనూ, హెలికాప్టర్లనూ ఒక్క కంట్రోలరే చూస్తున్నారు. ఆ వేళ అవి మామూలుగా ఇద్దరి పనులు. అమెరికాలో కంట్రోలర్ల కొరత ఏళ్ల నాటిది. చాలాచోట్ల వారానికి ఆరు రోజులు, రోజుకు పది గంటలు పనిచేయిస్తున్నారు.

ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ 2002 జులై 1 నాటిది. జర్మనీలోని ఉబర్‌లింగెన్ మీద రెండు విమానాలు ఢీకొని 71 మంది పోయారు. వారిలో ఎక్కువమంది పిల్లలే. ఆ ఆకాశాన్ని జ్యూరిచ్ నుంచి చూసే స్కైగైడ్ సంస్థలో ఆ రాత్రి డ్యూటీ ఇద్దరిది. ఒకరు విశ్రాంతికి వెళ్లారు. రెండోవారు రెండు తెరల మధ్య తిరుగుతూ ఉండిపోయారు. పైగా మరమ్మతుల వల్ల ప్రధాన ఫోన్ లైన్లు పనిచేయడం లేదు. ప్రమాదాన్ని గమనించిన జర్మనీ కేంద్రం ఎన్నిసార్లు ప్రయత్నించినా ఫోన్ కలవలేదు. ఒకరు పడుకుంటే ఒకరు నడిపించే అలవాటు యాజమాన్యానికి తెలుసు. ఏళ్లుగా చూసీచూడనట్టు వదిలేసింది. 2007లో స్విస్ కోర్టు నలుగురిని దోషులుగా తేల్చింది, ముగ్గురు మేనేజర్లకు జైలుశిక్ష వేసి అమలు నిలిపేసింది. శిక్ష తేలికే, కానీ వేలు పెట్టాల్సిన చోటే పెట్టింది.

వైద్యుడిగా నాకు ఆ తీర్పు సబబే అనిపిస్తుంది. వరుసగా 17 గంటలు మేలుకున్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి పనితీరుతో సమానమని పరిశోధనలు చూపాయి. మన దేశంలో బండి నడపడానికి పరిమితి 0.03 శాతమే! టీ కాసేపు కళ్లు తెరిపిస్తుంది గానీ నిద్ర బాకీ తీర్చదు. అసలు చిక్కు మరొకటి: అలసిన మెదడు తాను ఎంత అలసిందో సరిగ్గా చెప్పలేదు. అందుకే 'నువ్వు బాగానే ఉన్నావా?' అని అడిగి ఊరుకుంటే చాలదు. డ్యూటీ చార్టు వేసేవాళ్లే లెక్క చూడాలి. షిఫ్టుల మధ్య 10 గంటలు, అర్ధరాత్రి షిఫ్టుకు ముందు 12 గంటలు విరామం ఉండాలని అమెరికా 2024లో ప్రకటించింది. మనుషుల్ని నియమించకుండా ఆ గంటలు ఎక్కణ్నుంచి తెస్తారు?

మీ ఇంట్లో నర్సో, లోకో పైలటో, కరెంటు సబ్‌స్టేషన్ ఆపరేటరో ఉంటే, 'రాత్రి నీతో ఇంకెవరున్నారు?' అని అడగండి. 'ఎవరూ లేరు' అనే జవాబు తరచూ వస్తుంటే, తేదీలతో సహా పైఅధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, ఒక కాపీ దగ్గర ఉంచుకోమనండి. రేపు ఏదైనా జరిగితే 'మా దృష్టికి రాలేదు' అనడానికి వాళ్లకు వీలుండదు.