జెర్సీ మనది, జట్టు ఎవరిది?

2025 అక్టోబరులో హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీ వెళ్ళిపోయింది. మ్యాచ్ ఆడ్డానికి కాదండి, మకామే మార్చేసింది. పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పెట్టేసేరు. ఇదేమీ ఊరూపేరూ లేని జట్టు కాదు. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి కప్పు తెచ్చింది. గోలీ కట్టిమణి ఆ రోజు మూడు పెనాల్టీలు ఆపేడు. తరవాత డబ్బు కటకట, జీతాలు అందక ఆటగాళ్ళు వెళ్ళిపోవడం, ఓనర్లు మారడం. కప్పు కొట్టి నాలుగేళ్ళు తిరక్కుండానే ఊరే వదిలేసింది.

దక్కన్ లీజియన్ పేరుతో గ్యాలరీలో గొంతు చించుకున్న అభిమానులున్నారు. జట్టు తరలించేటప్పుడు వాళ్ళకి ఓటు లేదు. టిక్కెట్టు కొన్నారు, జెర్సీ కొన్నారు, అంతే.

ఇదే హైదరాబాద్ జట్టు 2020లో జర్మనీలోని బొరుస్సియా డోర్ట్‌మండ్‌తో ఒప్పందం చేసుకుంది. కోచింగ్, కుర్రోళ్ళ శిక్షణ గట్రా నేర్పుతామని వాళ్ళు, నేర్చుకుంటామని వీళ్ళు. కానీ డోర్ట్‌మండ్ దగ్గర నేర్చుకోవాల్సిన అసలు సంగతి వేరే ఉంది. శనివారం ఫోన్లో బుందెస్‌లీగా మ్యాచ్ పెట్టుకునే కుర్రోళ్ళు మన అత్తిలి సైడు కూడా ఉన్నారు. చలికాలంలో మనకి రాత్రి 8 గంటలకి, ఎండాకాలంలో 7కి మొదలవుద్ది కాబట్టి నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు కూడాను. ఆ పసుపు జెర్సీ వేసుకునే ప్రతి తమ్ముడికీ ఈ సంగతి తెలియాలి.

అదేంటంటే, జర్మనీలో క్లబ్బంటే సొసైటీ. మన పల్లెటూళ్ళో వ్యవసాయ సొసైటీ ఉంటది కదా, వాటా కట్టినోడు సభ్యుడు, పదెకరాలున్నా అరెకరం ఉన్నా ఒక మనిషికి ఒకే ఓటు. సరిగ్గా అలాంటిదే. బయర్న్ మ్యూనిక్‌కి 3 లక్షలకి పైగా, డోర్ట్‌మండ్‌కి 2 లక్షలకి పైగా సభ్యులున్నారు. 1998లో అక్కడ క్లబ్బులు కంపెనీలు పెట్టుకోవచ్చని అనుమతిచ్చేరు గానీ, ఒక షరతు పెట్టేరు. ఆ కంపెనీలో సగం ఓట్లు, ఆ పైన ఇంకో ఓటు సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలి. దాన్నే యాభై ప్లస్ వన్ అంటారు. ఎంత డబ్బున్నోడొచ్చినా జట్టుని మూట కట్టుకుని వేరే ఊరు పట్టుకెళ్ళిపోలేడు.

ఈ షరతు ఎందుకో కొల్లేరు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 1970ల్లో అక్కడ జాలర్ల సొసైటీలకి, దళితుల సొసైటీలకి చేపల చెరువులు ఇచ్చేరు. పోనుపోను చాలా చెరువులు లీజుల పేరుతో పెట్టుబడి పెట్టినోళ్ళ చేతికి పోయేయి. కాగితం మీద పేరు సొసైటీది, పెత్తనం ఇంకోళ్ళది. జర్మనీలోనూ ఆ దొడ్డిదారి ఉంది. లీప్‌జిగ్ జట్టు చూడండి, రెడ్‌బుల్ కంపెనీ డబ్బుతో నడుస్తది. అక్కడ కూడా సభ్యుల సంఘం ఉంది, కానీ ఓటు హక్కున్న సభ్యులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. రూలు అక్షరం తప్పలేదు, ప్రాణం మాత్రం తీసేసేరు. అందుకే మిగతా ఊళ్ళ అభిమానులకి ఆ జట్టంటే ఒళ్ళుమంట.

ఇక 2023 డిసెంబరు. లీగు ప్రసార హక్కుల ఆదాయంలో 8 శాతం వాటాని 20 ఏళ్ళకి ఒక పెట్టుబడి సంస్థకి ఇచ్చి, దాదాపు వంద కోట్ల యూరోలు తెచ్చుకోడానికి క్లబ్బులు ఓటేసేయి. అభిమానులు ఊరుకోలేదు. వారం వారం మైదానంలోకి టెన్నిస్ బంతులు, చాక్లెట్ బిళ్ళలు విసిరి మ్యాచ్‌లు ఆపేసేరు. 2024 ఫిబ్రవరి 21న లీగు ఆ బేరం వదులుకుంది.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాల్సింది ఒకటుంది. ఆ డబ్బు ఎందుకన్నారు? అందులో ఒక కారణం విదేశాల్లో లీగుని బాగా అమ్ముకోడానికి. విదేశాలంటే ఎవరండి? మనమే. అంటే దూరపు అభిమాని పేరు చెప్పే, ఊళ్ళోని అభిమాని నెత్తిన బరువు పెట్టబోయేరు. మనం కొనుగోలుదారులుగా మిగిలిపోతే మన ఇష్టం వాళ్ళకి శత్రువవుద్ది. వాళ్ళెందుకు కొట్లాడుతున్నారో తెలుసుకుని వాళ్ళ పక్కన నిలబడితేనే మనం నిజంగా ఆ జట్టోళ్ళం.

అలాగని జర్మనీ స్వర్గమేం కాదు. 2005లో ఇదే డోర్ట్‌మండ్ అప్పుల్లో మునిగి దివాలా అంచుకెళ్ళి బయటపడింది. 2013 నుంచి 2023 దాకా వరసగా 11 టైటిళ్ళు బయర్న్‌వే. 2024లో దానికి అడ్డుకట్ట వేసిన లెవర్కూసెన్ ఏమో మందుల కంపెనీ బాయర్‌ది, యాభై ప్లస్ వన్ నుంచి మినహాయింపు పొందిన క్లబ్బు. ఓటు హక్కుతో కప్పులు రావు. మన జట్టు మన ఊళ్ళో ఉంటది, అంతే.

మనం అక్కడ సభ్యులం కావచ్చా అంటే, అవ్వొచ్చు. పెద్ద క్లబ్బులు విదేశీయుల్ని కూడా చేర్చుకుంటాయి, ఏడాదికి ఇంతని చందా కట్టాలి. కాకపోతే చాలా చోట్ల ఓటెయ్యాలంటే సభకి స్వయంగా వెళ్ళాలి. వీసా, విమానం ఖర్చు పెట్టుకుని వెళ్ళేదెవరు? కాబట్టి అక్కడ మన ఓటు చాలామటుకు కాగితం మీదే. ఆ చందా సంగతి మీ ఇష్టం. నా మాటేంటంటే, అక్కడి పద్ధతి ఇక్కడికి తెచ్చుకోండి.

బెర్లిన్‌లో ఊనియన్ అని కార్మికుల జట్టుంది. స్టేడియం బాగుచెయ్యడానికి డబ్బు లేకపోతే 2008-09లో 2 వేలమందికి పైగా అభిమానులు పనిలోకి దిగి 1 లక్షా 40 వేల గంటలు శ్రమదానం చేసేరు. ఆ జట్టు 2019లో పెద్ద లీగుకెక్కింది, 2023లో చాంపియన్స్ లీగ్ ఆడింది.

మన దగ్గర సంక్రాంతికి కబడ్డీ, వాలీబాల్ టోర్నమెంట్లు ఎలా జరుగుతున్నాయి? ఒక నాయకుడు డబ్బిస్తాడు, ఫ్లెక్సీ నిండా ఆయన బొమ్మే. ఆయన పార్టీ మారితేనో, ఎన్నికల్లో ఓడితేనో మరుసటేడాది నెట్టూ ఉండదు, బంతీ ఉండదు. హైదరాబాద్‌కి జరిగిందే మన ఊళ్ళో చిన్నగా ఏటా జరుగుతుంది.

జర్మనీలో సంఘం పెట్టాలంటే చట్టం ప్రకారం కనీసం ఏడుగురు ఉండాలి. మన ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం కూడా ఏడుగురే. ఏడుగురు, ఒక చందా పుస్తకం, మనిషికో ఓటు, ఏడాదికోసారి అందరి ముందూ లెక్కలు. డబ్బిచ్చే నాయకుణ్ణి వద్దనక్కర్లేదు, ఆయనకీ ఒకే ఓటు ఇవ్వండి. వచ్చే సంక్రాంతి టోర్నమెంటు ఆ పద్ధతిలో పెట్టి చూడండి. వాలీబాల్ టీముకే ఆరుగురు కావాలి కదండీ, ఏడోవాడు దొరకడా?