గృహారోగ్యము: మర్దనము చేయు చేతులు

అభ్యంగనమును గూర్చి మన పత్రికలలో వ్రాసినవారు పెక్కుమంది కలరు. నూనె రాచుకొనుటవలన చర్మమునకు కలుగు మేలు, బాలింతకు నడుము నొప్పి సడలుట, చంటిబిడ్డకు హాయిగా నిద్ర పట్టుట మున్నగువానిని గూర్చి మేమును ఈ శీర్షిక క్రింద వ్రాసియున్నాము. ఆ వ్రాతలన్నియు మర్దనము చేయించుకొను దేహమును గూర్చినవే. మర్దనము చేయు చేతులను గూర్చి తలచినవారు అరుదు. ఈ నెల ఆ చేతులను గూర్చి సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి.

ఇందుకు కారణము వరంగల్లు మట్టెవాడనుండి వచ్చిన యొక జాబు. దానిని వ్రాసిన సోదరి ఇట్లనుచున్నది: "మా అమ్మాయి పురుటికి వచ్చినది. నా రెండవ కానుపునకు నీళ్ళు పోసిన అవ్వయే నేడు దీనికిని, బిడ్డకును నీళ్ళు పోయుచున్నది. అవ్వ కుడి బొటనవ్రేలి మొదలు వాచినది. రాత్రులు చేయి తిమ్మిరెక్కి మెలకువ వచ్చుననుచున్నది. నిన్న బిడ్డను ఎత్తబోయి, పట్టు చాలక మా అమ్మాయిని పిలిచినది. మానుకొమ్మనిన మానుకొనదు, ఆమెకు వేరొక ఆధారము లేదు. మా అత్తగారు మరియొకతెను కుదుర్చుమనుచున్నారు. నాకు మనసొప్పకున్నది. ఏమి చేయవలెను?"

ఈ ప్రశ్న ఒక్క ఇంటిది కాదు. పూర్వము తెలంగాణ పల్లెలలో కానుపు చేయుట, బొడ్డు కోయుట, బాలింతకు నీళ్ళు పోయుట అను మూడు పనులును మంత్రసానివే. పెక్కుచోట్ల ఆమె మంగలి కుటుంబపు స్త్రీగా నుండెడిది. నేడు కానుపులు దాదాపుగా ఆసుపత్రికి పోయినవి. అందువలన తల్లులకును బిడ్డలకును మేలు జరిగినది, అందుకు మేము సంతోషించుచున్నాము. కాని మూడు పనులలో గౌరవమును ఎక్కువ రాబడియును గల పని పోయి, ఒంటిని అరగదీయు పని మాత్రము ఆమెకు మిగిలినది. కానుపునకు వచ్చు ముడుపు లేదు గనుక, ఒక ఇంటికి బదులు ఉదయమున మూడు నాలుగు ఇండ్లు తిరుగవలసి వచ్చుచున్నది. ఇక పట్టణములలో అలంకారశాలలయందు తలకును ముఖమునకును మర్దనము చేయు యువతులు, ఫిజియోథెరపీ నేర్చిన పడుచులు, ఆయుర్వేద చికిత్సాలయములలో తైలమర్దనము చేయు స్త్రీలు నానాటికి హెచ్చుచున్నారు. వారికిని ఇదే వ్రేలు, ఇదే మణికట్టు, ఇదే నడుము.

చేతులు చెడకుండ మర్దనము చేయు విద్య ప్రపంచమున లేకపోలేదు. సయాము అని మన పెద్దలు పిలిచిన థాయిదేశమున అంగమర్దనము వైద్యవిద్యలో ఒక భాగముగా వెలసినది. బుద్ధదేవునికిని బింబిసార మహారాజునకును వైద్యుడైన జీవకుని ఆ దేశీయులు తమ విద్యకు మూలపురుషునిగా తలచి నమస్కరింతురు. బాంకాకులోని వాట్ ఫో దేవాలయమున ఈ విద్యకు సంబంధించిన శాసనములు చెక్కబడియున్నవి. అచ్చట 1955లో పాఠశాలయు నెలకొల్పబడినది. 2019లో యునెస్కో సంస్థ థాయి మర్దనమును మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చినది. ఆ విధానమున చేయించుకొనువాడు నేలపై పఱుపుమీద పండుకొనును. చేయువారు మోకాళ్ళపై నిలిచి, చేతులు చాచి, మోచేతులు వంచక, తుంటినుండి ముందునకు ఒరగుదురు. నొక్కుడు దేహపు బరువునుండి వచ్చునే గాని వ్రేళ్ళ బలమునుండి రాదు. అరచేయి, ముంజేయి, మోచేయి, మోకాలు, పాదము వంతులవారీగా పనిచేయును. కేరళమున కళరి గురువులు పైనుండి వ్రేలాడు త్రాటిని పట్టుకొని పాదములతోనే మర్దనము చేయుదురు. పొలమునుండి వచ్చిన తాత బోర్లపండుకొని, "ఎక్కి తొక్కుమురా" అని మనుమని పిలుచుట మన ఇండ్లలో ఎవరు చూడలేదు? అందును ఇదే సూక్ష్మము కలదు. చిన్నవాని బరువే పనిచేయును, వాని చేతులకు శ్రమ లేదు.

అందుచేత మొదట బొటనవ్రేలి మాట. మన అవ్వలు అన్ని నొప్పులను బొటనవ్రేలి కొనతోనే వెదకుదురు. ఆ వ్రేలి మొదట, మణికట్టునకు చేరువగా, గుఱ్ఱపు జీనువంటి చిన్న కీలు ఒకటి కలదు. వ్రేలు అన్నివైపులకు తిరుగుట దాని చలువయే, కాని అంత తిరుగు కీలు అంత దృఢముగా ఉండజాలదు. బొటనవ్రేలితో ఒక వస్తువును ఒక కిలో బలముతో చిటికెగా పట్టినచో, ఈ మొదటి కీలుపై సుమారు 12 కిలోల ఒత్తిడి పడునని 1977లో అమెరికాదేశమున కూనీ, చావో అను ఇరువురు పరిశోధకులు లెక్కగట్టిరి. ఇక నడుమును బలముకొలది నొక్కు వ్రేలి మాట చెప్పనేల? ఏండ్ల తరబడి ఇట్లు చేసినచో కీలులోని మృదులాస్థి అరిగి, మొదలు ఉబ్బి, డబ్బా మూత త్రిప్పుటయు కష్టమగును.

కావున బొటనవ్రేలిని తుదకు వాడుకొనవలెను. వెడల్పైన చోట్ల, అనగా వీపు, తొడలు, పిక్కలయందు, అరచేతి మడమయు, ముడిచిన పిడికిలియు, ముంజేతి మెత్తని భాగమును చాలును. బొటనవ్రేలు తప్పనిచోట దాని కొనను గ్రుచ్చక, మెత్తని పొట్టను ఆనించి, మిగిలిన నాలుగు వ్రేళ్ళను ప్రక్కన ఊతగా నిలుపవలెను. వ్రేలు వెనుకకు విల్లువలె వంగినచో వెంటనే ఆపవలెను. వ్రేలు, మణికట్టు, మోచేయి, భుజము ఒకే వరుసలో నుండినప్పుడు బరువు ఎముకలగుండ దిగును, కండరములకు భారముండదు.

బొటనవ్రేలి ప్రక్కనే మణికట్టుపై మరియొక వ్యాధి పొంచియుండును. 1895లో స్విట్జర్లాండు దేశపు శస్త్రవైద్యుడు ద కెర్వాన్ దీనిని వర్ణించెను గనుక అతని పేరనే పిలువబడుచున్నది. వ్రేలిని ఎత్తు స్నాయువులు, అనగా కండను ఎముకకు కట్టియుంచు త్రాళ్ళు, ఒక ఇరుకు గొట్టముగుండ పోవును. ఆ గొట్టము మందమెక్కినచో త్రాళ్ళు ఒరసికొని నొప్పి పుట్టును. బొటనవ్రేలిని పిడికిలిలో దాచి, చేతిని చిటికెనవ్రేలి వైపునకు మెల్లగా వంచినప్పుడు మణికట్టు ప్రక్కన చురుక్కుమనినచో ఈ వ్యాధియేమోయని శంకింపవచ్చును.

ఇందు మా సోదరీమణులు ముఖ్యముగా గమనింపవలసిన సంగతి యొకటి కలదు. ఈ వ్యాధి మర్దనము చేయు అవ్వకే గాక, చంటిబిడ్డ తల్లికిని తరచుగా వచ్చును. బిడ్డ చంకలక్రింద బొటనవ్రేళ్ళను చాచి రోజుకు పలుమారులు ఎత్తుటయే ఇందుకు కారణము. ఒకే గదిలో నీళ్ళు పోయించుకొను తల్లియు, పోయు అవ్వయు ఒకే నొప్పితో బాధపడుచుండుటయు, ఒకరి నొప్పి ఒకరికి తెలియకుండుటయు కలదు! ఇరువురకును ఒకటే ఉపాయము. వ్రేళ్ళను చాచి పట్టక, ఒక అరచేతిని బిడ్డ పిఱ్ఱలక్రిందను, రెండవదానిని మెడక్రిందను చేర్చి, చేటలో బియ్యము ఎత్తినట్లు ఎత్తవలెను.

రాత్రి తిమ్మిరి వేరొక సంగతి. అరచేతిలోనికి పోవు ముఖ్యనాడి మణికట్టువద్ద ఒక ఇరుకు సొరంగముగుండ పోవును. మణికట్టును వంచి వంచి నొక్కినచో ఆ నాడి నలుగును. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలిలో సగము తిమ్మిరెక్కుట, నడిరేయి మెలకువ వచ్చి చేయి విదిలించిన తగ్గుట దీని గుర్తులు. గర్భిణులకును, మధుమేహము, థైరాయిడు లోపము గలవారికిని ఇది రావచ్చును. మట్టెవాడ అవ్వకు ఇదియు, వ్రేలి వ్యాధియు రెండును ఉన్నట్లు మాకు తోచుచున్నది. కాని చేతిని చూచి చెప్పవలసినవాడు వైద్యుడు. కొన్నివారములు మణికట్టునకు కట్టు వేసి విశ్రాంతి నిచ్చినచో తొలిదశలో పెక్కుమందికి నెమ్మదించును. వ్రేళ్ళనుండి వస్తువులు జారుట, బొటనవ్రేలి దిగువ కండ లోతుబడుట కనబడినచో ఇక జాగు చేయరాదు. వరంగల్లులో మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి సర్కారుదే, అచ్చట ఎముకల వైద్యులు ఉందురు. అవ్వ ఒంటరిగా పోయి వరుసలో నిలువజాలదు, ఇంటివారిలో ఒకరు తోడు పోవలెను.

నడుమును గూర్చి క్లుప్తముగా చెప్పెదము. మన అవ్వలు కాళ్ళు చాచి కూర్చుండి, బిడ్డను ముంగాళ్ళపై పండుకొనబెట్టి నీళ్ళు పోయుదురు. బిడ్డకు ఇది సుఖాసనమే, కాని అవ్వ నడుము వంగి గూనియగును. పిఱ్ఱలక్రింద జానెడు ఎత్తు పీట వేసి, వెనుక గోడ ఆనునట్లు కూర్చుండబెట్టినచో సగము భారము తగ్గును. బాలింతను నేలపై కాక బల్లపై పండుకొనబెట్టుట మేలు. చేతులు జారవిడిచి నిలిచినప్పుడు పిడికిలి మెటికలు తగులు ఎత్తున బల్ల ఉండవలెను. నేలయే తప్పనిచో కొత్తవాడ జంపఖానాను నాలుగు మడతలు వేసి అవ్వ మోకాళ్ళక్రింద పఱువుడు. మన ఊరి జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినదని గర్వించుచున్నాము గదా, అవి అతిథులకే గాక అవ్వ మోకాళ్ళకును పనికివచ్చును. 15 లీటర్ల నీళ్ళ బిందె 15 కిలోలకు పైబడిన బరువు. దానిని కాచి, మోసి, తొలిపి ఉంచుట ఇంటిలోని మగవారి పనిగా చేయుడు. అవ్వ చేతికి చెంబు మాత్రమే రావలెను.

ఇంతకన్న కష్టమైన సంగతి, "గట్టిగా పిసుకు అవ్వా" అను మాట. నొప్పి పుట్టినగాని గుణము లేదను నమ్మకము మనలో బలముగా నున్నది. మాకు ఆ నమ్మకము లేదు. మెల్లగా, నిలుకడగా, శ్వాసతోపాటు నొక్కిన నొక్కుడు కండను సడలించును. అదరిపడునట్లు నొక్కినచో కండ బిగిసికొనును, దానిని సడలించుటకు అవ్వ మరింత బలము పెట్టును. బిడ్డ విషయమున బలము అసలే కూడదు. సందర్భము వచ్చినది గనుక మరిరెండు మాటలు: బిడ్డ ముక్కులోను చెవిలోను నూనె పోయరాదు, ఊపిరితిత్తులలోనికి దిగి కీడు చేయును. బాలింతకు ఒక పిక్క మాత్రము వాచి, వెచ్చబడి నొప్పి పుట్టినచో దానిని పిసుకరాదు. నెత్తురు గడ్డ కట్టియుండవచ్చును, వెంటనే వైద్యుని చూడవలెను.

ఇక సోదరి యడిగిన ప్రశ్నకు వత్తము. అవ్వను మానిపించి వేరొకతెను కుదుర్చుకొనినచో మీ అమ్మాయికి నీళ్ళు పోయుట జరుగును గాని, అవ్వ చేయి మానదు. ఆమె మరియొక ఇంటికి పోయి అదే చేతితో అదే పని చేయును. మా అభిప్రాయము ఇది. బిడ్డ మర్దనమును అవ్వ ప్రక్కన కూర్చుండి చెప్పుచుండగా మీ అమ్మాయియే నేర్చుకొని చేయనిండు. అందుకు బలము అక్కరలేదు, తల్లి చేతి స్పర్శ బిడ్డకు హితవు కూడ. బాలింత నడుమునకు ముంజేతితో మాత్రము అవ్వ చేయవచ్చును, అదియును నొప్పి తగ్గినపిమ్మటనే. వైద్యుడు విశ్రాంతి చెప్పిన దినములకును ఒప్పుకొనిన కూలి ఇయ్యవలెను. మీ అత్తగారు ఇందుకు సమ్మతింతురా అని మీరు సందేహింపవచ్చును. ఆమె కాన్పులకును ఎవరో ఒక అవ్వ నీళ్ళు పోసియుండును గదా. ఆ అవ్వ ఏమైనదో ఒకసారి అడిగి చూడుడు.

కూలి మాట ఇంత నొక్కి చెప్పుటకు హేతువు కలదు. 18 మొదలు 70 ఏండ్లవరకు బ్యాంకు ఖాతా గలవారికి ఏటికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా దొరకును. అవ్వకు అది చేయించుట మంచిదే, నూనె నేలపై జారిపడువారు తక్కువమంది కారు. కాని అది ఆకస్మిక ప్రమాదమువలన కలుగు మరణమునకును, అంగవైకల్యమునకును మాత్రమే. ముప్పది ఏండ్లు మెల్లమెల్లగా అరిగిన వ్రేలు ఆ లెక్కలో ప్రమాదము కాదు. ఆ నష్టమును భరించునది ఆమె ఒక్కతెయే.

పనిలోనున్న పడుచులకు ఒక మాట. ఒకరి వెంట ఒకరిని వరుసగా కూర్చుండబెట్టక, నడుమ పావుగంటయైన విరామము కావలెనని యజమానురాలిని అడుగుడు. ఆ విరామమున చేతులను గోరువెచ్చని నీటిలో నుంచి, పిడికిలి మూసి తెఱచి, భుజములను వెనుకకు త్రిప్పుడు. తలమర్దనము, ఒడలిమర్దనము మార్చి మార్చి చేసినచో ఒకే కీలుపై భారము పడదు. విరామ సమయమున సెల్లుఫోనును బొటనవ్రేలితో తడుముచుండుట విశ్రాంతి కాదని వేరుగ చెప్పవలెనా?

సోదరి తన జాబు చివర ఏ నూనె మంచిదని కూడ అడిగినది. బాలింతకు మన ప్రాంతమున వాడుకలోనున్న నువ్వులనూనె గోరువెచ్చగా చాలును. నూనె తక్కువైనచో చేయి ఒరసికొని బలము ఎక్కువ పట్టును, మితిమీరినచో జారకుండుటకు వ్రేళ్ళు బిగియును. చర్మమున పొక్కులో తామరయో ఉన్నవారిని ముట్టిన పిదప సబ్బుతో చేతులు కడుగవలెను. పని ముగియగానే నేలపై శనగపిండి చల్లి, గోనెపట్టతో తుడిచి, ఆపైన వేడినీళ్ళు పోయుడు. అవ్వ ఆ గదిలోనుండి లేచి వచ్చులోపలనే ఇది జరుగవలెను.