మనోడికి ఇస్త్రీ చొక్కా ఎవరు తొడుగుతారు?

సినిమాలో మనిషి నోరు తెరవక ముందే అతని బట్టలు మాట్లాడతాయి. కండువా భుజం మీదుంటే దొర. అదే కండువా నడుముకో చంకలోకో దిగితే పాలేరు. డైలాగు అక్కర్లేదు. తెలుగు సినిమా ఈ విద్యని స్టూడియోలో కనిపెట్టలేదు, ఊళ్లోంచి తెచ్చుకుంది. ఊరికి మనువు ఇచ్చాడు. చండాలుడికి శవాల మీది గుడ్డలే బట్టలని పదో అధ్యాయంలో రాసిపెట్టాడు. 'కాస్ట్యూమ్ డిజైనర్' అనే మాట పుట్టక ముందే కులానికో డ్రెస్సు కుట్టిన పెద్దమనిషి ఆయనే!

అందుకే 1927 డిసెంబరులో మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టిన బాబాసాహెబ్, అక్కడికొచ్చిన మన ఆడవాళ్లతో చీరకట్టు గురించి కూడా మాట్లాడాడు. అంటరానివాళ్లని దూరం నుంచే పట్టించే ఆ కట్టు మార్చండి అన్నాడు. అంత చదువుకున్నాయనకి చీర సంగతి ఎందుకు అనుకునేవాళ్లకి కులం ముందుగా ఎక్కడ కనపడుతుందో తెలీదు.

'గాంధీ' (1982) సినిమాకి దుస్తులు సమకూర్చినందుకు భాను అథైయాకి, జాన్ మోలోతో కలిపి, 1983లో ఆస్కార్ వచ్చింది. మనదేశం వాళ్లకి అదే మొదటిది. గొప్ప పనే, కాదనం. సూటు నుంచి కొల్లాయి దాకా ఒక మనిషి ఎట్లా మారాడో అందులో బట్టలే చెప్తాయి. కానీ మూడు గంటల పైన నడిచే ఆ సినిమాలో అంబేద్కర్ లేడు. సూటు ఉన్నవాడు విప్పితే త్యాగం అని లోకమంతా చూసింది. తొడుక్కోవడమే తిరుగుబాటైన మనిషి సూటు మాత్రం తెర మీదికి రాలేదు. జబ్బార్ పటేల్ సినిమాలో మమ్ముట్టి దాన్ని తొడిగేసరికి 2000 అయింది. ఇక రజనీకాంత్‌కి కోటు తొడిగి, గాంధీ చొక్కా విప్పడానికీ అంబేద్కర్ కోటు వేయడానికీ తేడా ఉందని మాస్ హాల్లో చెప్పించడానికి పా. రంజిత్ 'కబాలి' (2016) తీయాల్సొచ్చింది.

అదే రంజిత్ 'కాలా' (2018)లో రంగుల్నే తిరగేశాడు. మంచికి తెలుపు, చెడుకి నలుపు అని మనకి చిన్నప్పట్నుంచీ నూరిపోశారు గదా. ఇందులో హీరోవి నల్లబట్టలు. విలన్ నానా పటేకర్ ఇల్లూ బట్టలూ తళతళ తెలుపు. కాసేపు చూస్తే ఆ తెలుపే భయం పుట్టిస్తుంది.

చెప్పులూ వేషమే. తమిళ 'అసురన్' (2019)లోనూ, దాన్నే వెంకటేష్‌తో తెలుగులో తీసిన 'నారప్ప' (2021)లోనూ ఒక పిల్ల కొత్త చెప్పులు వేసుకుంటుంది. వేసుకున్నందుకు కొట్టి, ఆ చెప్పుల్నే నెత్తిన పెట్టించి వీధిలో నడిపిస్తారు. ఆ పిల్ల ఎంత మురిసిందో, ఎంత చచ్చిపోయిందో చెప్పడానికి ఒక్క జత చెప్పులు సరిపోయాయి. సినిమాహాల్లో కాలు తగిలిందన్న గొడవ ముదిరి 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని నరికేదాకా పోయిన చుండూరు మనది. ఈ సీను మనకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

మిగతా తెలుగు సినిమాల్లో మాలపల్లె ఎట్లా ఉంటుంది? కొత్త గుడ్డని టీ నీళ్లలో ముంచి, గరుకు కాగితంతో రాకి, చింపి, మసి పూసి మనోళ్లకి తొడుగుతారు. చాకిరీ చేసి వచ్చిన మనిషి బట్టకి మట్టి అంటుతుంది, అది నిజమే. కానీ పెళ్లి సీనులోనూ అవే గుడ్డలా? బడికొచ్చే మన పిల్లలు ఒకే జత యూనిఫాం ఉన్నా రాత్రి ఉతికి, తెల్లారి తడి ఆరకుండానే వేసుకొస్తారు. ఈ మురుగ్గుడ్డల మేష్టార్లకి ఆ తడి కనపడదు.

వాళ్లని డిసెంబరు 25న చర్చి గుమ్మం ముందు, ఏప్రిల్ 14న అంబేద్కర్ బొమ్మ దగ్గర ఒక పూట నిలబడమనండి. అప్పు చేసి కొన్న బూట్లు, మడత నలగని తెల్లచొక్కా, జేబులో నీలం పెన్ను చూసి, ఆ తర్వాత మన పాత్రలకి కొలతలు తీసుకోమనండి.