బాలుగారి బాణీల మాటేమిటి?

కోవూరులో పెళ్లయినా, చవితి పందిరైనా మైకులో బాలుగారి గొంతు వినబడాల్సిందే. పెన్న దాటితే నెల్లూరు. ఆయన మావాడన్న గర్వం మాకు నిండుగా ఉంది. కానీ మేం గుర్తు పెట్టుకున్నది పాడిన బాలునే. బాణీలు కట్టిన బాలు ఎవరికీ పట్టలేదు.

1977లో దాసరి నారాయణరావు ‘కన్యాకుమారి’తో ఆయన్ని సంగీత దర్శకుణ్ణి చేశారు. ఆ తర్వాత తెలుగు, తమిళ, కన్నడ భాషల్లో కలిపి నలభైకి పైగా సినిమాలకు సంగీతమిచ్చారు. ఈ మాట చెబితే పాటల పిచ్చి ఉన్నవాళ్లు కూడా ‘అవునా!’ అని నోరు తెరుస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

బాపు తీసిన ‘తూర్పు వెళ్లే రైలు’ భారతీరాజా తమిళ చిత్రానికి రీమేక్. మాతృకకు ఇళయరాజా సంగీతం. అంతటివాడి తర్వాత అదే కథకు పాటలు చేయడమంటే మాటలా? ఇక 1985లో ‘మయూరి’. సినిమా అంతా నాట్యమే. గురువు దగ్గర కూర్చుని శాస్త్రీయ సంగీతం నేర్వని మనిషి, హరికథలు చెప్పే తండ్రి సాంబమూర్తిగారిని చూసి హార్మోనియం పట్టుకున్న మనిషి, ఆ బరువు మోశారు. ఉత్తమ సంగీత దర్శకుడిగా నంది అందుకున్నారు. ఆ నంది ఊసెత్తిన వ్యాసం మీరెప్పుడైనా చదివారా? ఆయన ఆరు జాతీయ అవార్డులను మాత్రం వల్లె వేస్తాం. ఆ ఆరూ గొంతుకొచ్చినవే.

నా మనసుకు దగ్గరైనది ‘పడమటి సంధ్యారాగం’. 1987లో జంధ్యాల అమెరికా వెళ్లి తీసిన సినిమా. తెలుగమ్మాయికీ అమెరికా అబ్బాయికీ ప్రేమ. సదాశివ బ్రహ్మేంద్రుల కీర్తనా అందులోనే ఉంది, కుర్రకారు ఊగిపోయే పాప్ పాటా అందులోనే ఉంది. ఒకటి రెండోదాన్ని వెక్కిరించదు. ఆ కథ కోరుకున్నదే అది. ఇవాళ ఫ్యూజన్ పేరిట చప్పట్లు కొట్టించుకుంటున్న పని ఆయన అప్పుడే చడీచప్పుడూ లేకుండా చేసేశారు. సినిమాను మెచ్చుకునేవాళ్లు జంధ్యాల మాటల్ని తలుస్తారు, విజయశాంతిని తలుస్తారు. పాటలకు బాణీ కట్టినవాడి దాకా రారు.

ఆ బాణీలకు బలం ఆయన గొంతేనని కొందరంటారు. ఒప్పుకోను. 1991 నాటి తమిళ ‘శిఖరం’లో తన బాణీల్లో మేలైనదాన్ని ఆయన జేసుదాసు చేత పాడించారు. ఆ పాట ఇప్పటికీ బతికే ఉంది.

నెల్లూరు ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు 2020లో ఆయన పేరు పెట్టారు. సంతోషం. అక్కడి పిల్లల చేత ఆయన కట్టిన బాణీలు కూడా పాడించండి. జూన్ 4న జయంతి సభలు పెట్టే పెద్దలారా, ఈసారి ఒక్క గంట ‘మయూరి’కీ, ‘పడమటి సంధ్యారాగం’కీ ఇవ్వండి. పాట మొదలుపెట్టే ముందు ‘సంగీతం: ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం’ అని మైకులో చెప్పండి.